ఉద్దానం పరీక్షల లెక్క: రిపోర్టులు బోలెడు, కలిసినవి కొన్నే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎంతమందికి కిడ్నీ జబ్బు ఉంది? ఈ ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో నెఫ్రాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసిన డాక్టర్ టి. రవిరాజు బృందం 2,210 మందిని పరీక్షించి, 18.23 శాతం అని 2019లో రాసింది. మరుసటి ఏడు జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2,402 మందిని చూసి 21 శాతం అన్నారు. రెండు వ్యాసాలూ వచ్చింది ఒకే పత్రికలో, ‘కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్’లో. వీటికి ముందే 2017లో ప్రభుత్వం ఊరూరా శిబిరాలు పెట్టి లక్షమందికి పైగా జనానికి రక్తపరీక్షలు చేయించింది. అదే ఏడాది హార్వర్డ్ నుంచి కిడ్నీ నిపుణుడు జోసెఫ్ బోన్‌వెంట్రే వచ్చారు. హైదరాబాదు ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలైతే అంతకు నాలుగేళ్ళ ముందే, ఇక్కడి తాగునీటినీ ప్రకాశం జిల్లా తాగునీటినీ పక్కపక్కన పెట్టి ఒక అధ్యయనం అచ్చువేశారు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల జనం ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చెయ్యి చాచి సూది గుచ్చించుకున్నారో వాళ్ళకే లెక్క తెలియదు. జబ్బుకి కారణం మాత్రం ఇప్పటికీ తేలలేదు.

ఇంకా పరీక్షలు చేయాలి అనే మాట ప్రతి సభలోనూ వినబడుతుంది. కాదనను. కానీ చేసిన పరీక్షలు ఎక్కడివక్కడే ఉండిపోవడం అంతకంటే పెద్ద లోటని నా అభిప్రాయం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రజారోగ్య ల్యాబుల్లో పుట్టిన సమాచారం ఎలా నమోదవుతోంది, ఎక్కడికి పోతోంది, ఎవరికి తిరిగొస్తోంది అన్నది చూస్తే ఆ లోటు ఎక్కడుందో కనిపిస్తుంది.

1.2 అన్న అంకె

ముందు రక్తం సంగతి. మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం పేరు క్రియాటినిన్. ఆ మాట ఉద్దానంలో ఇంగ్లిషు రానివాళ్ళకీ వచ్చు. రిపోర్టు చేతిలో పడగానే అందరూ చూసేది ఆ ఒక్క అంకె: 1.2 దాటిందా, లేదా. మామూలు ల్యాబు రిపోర్టుల్లో ఆ గీతే ఉంటుంది కాబట్టి జనం తప్పేమీ లేదు. అయితే ఆ గీత అందరికీ ఒకటి కాదు. క్రియాటినిన్ నుంచి వడపోతను అంచనా వేసే 2009 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రంతో లెక్కకడితే, 45 ఏళ్ళ మగమనిషికి క్రియాటినిన్ 1.2 ఉంటే మూత్రపిండాల వడపోత నిమిషానికి 72 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. అంటే భయం లేదు. అదే వయసు ఆడమనిషికి అదే 1.2 ఉంటే వడపోత 55 దగ్గర ఆగుతుంది. 60 కంటే తగ్గితే జబ్బు కింద లెక్క. ఒకే అంకె, ఒకరికి నార్మల్, ఒకరికి జబ్బు. ల్యాబు పుస్తకంలో అసలు విలువ, వయసు, ఆడా మగా అన్నవి రాయకుండా ‘నార్మల్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, ఆ ముక్క కింద ఎంతమంది ఆడవాళ్ళ జబ్బు కనబడకుండా పోతుందో ఊహించుకోవచ్చు. జీడితోటల్లో, పప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళు వేలల్లో ఉన్న ప్రాంతం ఇది.

రెండో చిక్కు పద్ధతిది. క్రియాటినిన్‌ని కొలవడానికి మాక్స్ యాఫే 1886లో కనిపెట్టిన పిక్రిక్ ఆమ్లపు రంగు పద్ధతి ఇప్పటికీ చాలా ల్యాబుల్లో నడుస్తోంది, ఎందుకంటే చవక. రక్తంలో చక్కెర, ప్రొటీన్లు, కీటోన్లు ఎక్కువగా ఉంటే అది అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. ఎంజైము పద్ధతికి ఆ బాధ తక్కువ, ఖర్చు ఎక్కువ. పైన చెప్పిన 45 ఏళ్ళ మగమనిషికే క్రియాటినిన్ 1.4 వస్తే వడపోత 60 గీత మీద ఉంటుంది, 1.5 వస్తే 55కి పడిపోతుంది. పాయింట్ ఒకటి తేడాతో మనిషి రోగుల జాబితాలో చేరతాడు, లేదా బయట ఉండిపోతాడు. ఆ పాయింట్ ఒకటి అతని మూత్రపిండం తెచ్చిందా, మిషను తెచ్చిందా? రిపోర్టు మీద పద్ధతి పేరు, మిషనును ఏ ప్రమాణంతో సరిచూశారన్న మాట లేకపోతే ఎవరూ చెప్పలేరు. సోంపేట రిపోర్టునీ శ్రీకాకుళం రిపోర్టునీ విశాఖ రిపోర్టునీ ఒకే పట్టికలో కూర్చినంత మాత్రాన అవి కలిసినట్టు కాదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే తేడా కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి. ఎండలో రోజంతా కొబ్బరితోటలో పనిచేసి నీళ్ళు తాగక వచ్చిన మనిషికి క్రియాటినిన్ కాస్త పెరగొచ్చు, మళ్ళీ తగ్గొచ్చు. ఒకసారి నొప్పి బిళ్ళలు మింగినా అంతే. అందుకే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తేడా వచ్చిన ప్రతి ఫలితాన్నీ మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్షించి ఖాయం చేసుకున్నారు. అంటే ఈ జబ్బుకి ఆ పేరు పెట్టాలంటేనే ఒకే మనిషి రెండు రిపోర్టులు పక్కపక్కన ఉండాలి. మొదటిది శిబిరంలో, రెండోది ప్రైవేటు ల్యాబులో, మధ్యలో ఇంకోటి బరంపురంలో చేయించుకునే మనుషులున్న చోట ఆ రెండు కాగితాలూ కలిసేదెక్కడ? మనిషిని గుర్తించే నంబరు ఒకటి లేకుండా లక్షమందికి పరీక్ష చేస్తే దొరికేది లక్ష ఫలితాలు. లక్షమంది ఆరోగ్యం అందులో దొరకదు.

ఇదే చిక్కు శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ ఉంది, మధ్య అమెరికా చెరుకుతోటల్లోనూ ఉంది. కారణం తెలియని కిడ్నీ జబ్బు అక్కడి రైతుకూలీలనీ అలాగే తింటోంది. ఒక్కో దేశం ఒక్కో పద్ధతిలో కొలుస్తుంటే పోలిక కుదరదని గ్రహించిన పరిశోధకులు ‘డిగ్రీ’ పేరుతో 2017లో ఒక ఉమ్మడి విధానం ప్రచురించారు. ఏ ప్రశ్నలు అడగాలి, ఎవరిని ఎంచాలి, క్రియాటినిన్ కొలతను ఏ ప్రమాణానికి కట్టాలి అన్నవి ముందే ఖాయం చేసుకోవడం దాని సారం. అందులో కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు. ఉన్నదల్లా ఒప్పందం.

నీళ్ళ పుస్తకం వేరు

ఉద్దానంలో మొదటి అనుమానం ఎప్పుడూ నీళ్ళ మీదే. నీళ్ళ ల్యాబులు ఆరోగ్యశాఖవి కావు, గ్రామీణ నీటి సరఫరా విభాగానివి. జల్ జీవన్ మిషన్ వచ్చాక వీటి ఫలితాలు ఒక కేంద్ర వెబ్‌సైటుకి ఎక్కుతున్నాయి. ఊళ్ళో మహిళలకి కిట్లు ఇచ్చి చేయించే పరీక్షలు కూడా. ఇది మంచి మార్పు. ఊరి నీటి ఫలితం ఊరివాళ్ళు చూసుకునే వీలు ఇదివరకు ఇంతగా లేదు.

కానీ ఈ ల్యాబులు చూసేది బీఐఎస్ 10500 ప్రమాణం చెప్పిన వాటిని: ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, ఉప్పదనం, క్రిములు వగైరా. ఉద్దానం విషయంలో ఎప్పటినుంచో వినబడుతున్న సిలికాకి ఆ పట్టికలో పరిమితే లేదు. పరిమితి లేనిదాన్ని మామూలు ల్యాబు కొలవదు. సీసానికి పరిమితి లీటరుకి 0.01 మిల్లీగ్రాము, అంత చిన్న మోతాదు పట్టే పరికరం చిన్న ల్యాబులో ఉండదు. ఇక్కడే రికార్డులో పెద్ద మోసం జరుగుతుంది, ఎవరూ మోసం చేయకుండానే. ‘పరీక్షించాం, లేదు’, ‘పరీక్షించాం, మా మిషనుకి అందలేదు’, ‘అసలు పరీక్షించలేదు’. ఈ మూడూ వేర్వేరు సంగతులు. పట్టికలో మూడిటికీ సున్నానో, చిన్న గీతో పెడితే నాలుగేళ్ళ తర్వాత చూసినవాడికి మూడూ ఒకటే: ఈ ఊరి నీళ్ళు మంచివి.

ఇంకొక సంగతి. నీటి ఫలితం బోరుకి అంటుకుని ఉంటుంది, రక్తం ఫలితం మనిషికి అంటుకుని ఉంటుంది. ఆ మనిషి ఆ బోరు నీళ్ళు ఎన్నేళ్ళు తాగాడో రాసే గడి రెండు పుస్తకాల్లోనూ లేదు. మూత్రపిండం చెడడానికి ఏళ్ళు పడుతుంది. నేటి బోరు నీటిని కొలిచి ఇరవయ్యేళ్ళ కిందట తాగిన బావినీటి గురించి చెప్పలేం. పరిశోధకులు తమ సర్వేల్లో ఈ ప్రశ్నలు అడుగుతారు, వాళ్ళ వ్యాసంలో సారాంశం వస్తుంది, వాళ్ళ కంప్యూటర్లో వివరం ఉంటుంది. ప్రాజెక్టుతో పాటు అదీ ముగుస్తుంది. తర్వాత వచ్చిన బృందం మళ్ళీ మొదటి ఇంటి నుంచి అడగడం మొదలుపెడుతుంది.

ఏలూరు ఒక గుణపాఠం

పలు ల్యాబులు ఒకే ప్రశ్న మీద పడితే ఏమవుతుందో 2020 డిసెంబరులో ఏలూరు చూపించింది. మూర్ఛ, స్పృహ తప్పడం వంటి లక్షణాలతో ఆరువందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదు ఎన్‌ఐఎన్, సీసీఎంబీ, నాగపూరు నీరి, ఇలా దేశంలోని పేరున్న సంస్థలన్నీ నమూనాలు తీసుకున్నాయి. ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ అంది. ఎన్‌ఐఎన్ పురుగుమందుల అవశేషాల వైపు చూపింది. నీరి నీటిలో పాదరసం గురించి చెప్పింది. ఏ రోగి రక్తం ఏ ల్యాబుకి వెళ్ళింది, ఆ రోగి ఇంటి నీళ్ళూ కూరగాయలూ ఎవరి దగ్గరున్నాయి అన్నది ఒకే నంబరుతో ముడిపడి ఉంటే ఈ మాటలు ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయో కొట్టేస్తున్నాయో చూడొచ్చు. విడివిడిగా వస్తే పేపర్లలో రోజుకొక శీర్షిక అవుతాయి. ఏలూరులో అయింది అదే. ఉద్దానంలో ఆ శీర్షికలు ముప్పయ్యేళ్ళుగా వస్తున్నాయి.

గంటల్లో తేలాల్సినవి

కిడ్నీ జబ్బు మెల్లగా వచ్చేది. వాంతులు, విరేచనాలు అలా కాదు. 2004లో మొదలైన అంటువ్యాధుల నిఘా వ్యవస్థ ఐడీఎస్పీ వీటి కోసమే పుట్టింది. అనుమానం ఉన్న కేసులు ఏఎన్ఎం రాస్తే ఎస్ ఫారం, డాక్టరు చూసి రాస్తే పీ ఫారం, ల్యాబు ఖాయం చేస్తే ఎల్ ఫారం. వారానికోసారి ఇవి జిల్లాకి చేరేవి. వచ్చేది అంకెలే: ఈ వారం ఇన్ని విరేచనాలు, ఇన్ని జ్వరాలు. ఎస్ ఫారంలో ఉన్న మనిషే ఎల్ ఫారంలో ఉన్నాడా అన్నది చెప్పే దారి లేదు. 2018 నవంబరు 26న ఏడు రాష్ట్రాల్లో మొదలైన ఐహెచ్‌ఐపీ అనే ఆన్‌లైన్ వేదిక దీన్ని మార్చింది. మొదటి ఏడింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, పొరుగున ఒడిశా ఉన్నాయి. ఫోనులోనే కేసుకేసుకీ నమోదు, ఊరి స్థానంతో సహా. కాగితం మీద ఇది గొప్ప ముందడుగు. పనిలో కూడా చాలావరకు అంతే.

అయినా 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో విరేచనాలు ప్రబలినప్పుడు చనిపోయినవాళ్ళ లెక్క అధికారుల నోట ఒకటి, ఊళ్ళో ఒకటి, రాజకీయ పక్షాల నోట మరొకటి అయింది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, మాజీ ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఇద్దరూ ఊరికి వచ్చారు. సీనియర్ ఐఏఎస్ అధికారి విజయానంద్‌ని విచారణకి వేశారు. కలుషితమైన నీళ్ళే కారణమన్నది పెద్దగా వివాదం కాలేదు. వివాదమంతా ఏ చావు విరేచనాలది, ఏ చావు గుండెజబ్బుది అన్న దాని మీద నడిచింది. చనిపోకముందే నమూనా తీసి ఉంటే, ఆ నమూనా ఫలితం ఆ మనిషి పేరు మీద నిలిచి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. ల్యాబు రికార్డు లేని చోట రాజకీయ నాయకుడి మాటే రికార్డు అవుతుంది.

ఇందులో ల్యాబ్ టెక్నీషియన్ని నిందించి లాభం లేదు. పీహెచ్‌సీలో ఒక్కడే ఉంటాడు. పొద్దున్న రక్తపూతలు చూస్తాడు, కఫం చూస్తాడు, గర్భిణులకి హిమోగ్లోబిన్ చూస్తాడు. చూసినవన్నీ ముందు చేత్తో రిజిస్టరులో రాస్తాడు. ఆ పైన క్షయ ఒక పోర్టల్లో, జ్వరాలు ఇంకో పోర్టల్లో, బీపీ షుగర్లు మరోదాంట్లో, నెలాఖరుకి మొత్తాలు హెచ్‌ఎంఐఎస్‌లో. ఒకే పరీక్షని నాలుగుసార్లు ఎక్కించే మనిషి మూడోసారికి తప్పు రాయకపోతే ఆశ్చర్యపోవాలి. సీతంపేట కొండల మీద సిగ్నలు లేని రోజు ఇవన్నీ మర్నాటికి వాయిదా. పై ఆఫీసువాడు కొత్త పోర్టల్ పెట్టిన ప్రతిసారీ పాతది ఏది తీసేస్తున్నాడో చెప్పాలని ఒక నియమం పెడితే బాగుండు.

పనిచేసిన పద్ధతులు

అన్నీ చెడ్డ కబుర్లే కాదు. క్షయ విషయంలో 2012లో వచ్చిన నిక్షయ్ పోర్టల్ ఒక్కో రోగికి ఒక నంబరిచ్చింది. ఉత్తరాంధ్రకి దీని విలువ చాలా ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ జనం ఊళ్ళో ఉండరు. మత్స్యకారులు గుజరాత్ వేరావల్‌కి పోతారు, కూలీలు హైదరాబాదు, చెన్నై, విజయవాడ పోతారు. పరీక్ష టెక్కలిలో జరిగి మందులు వేరావల్‌లో తీసుకోవాల్సిన మనిషికి ఆ నంబరే ఆధారం. ప్రైవేటు డాక్టర్లు కూడా క్షయ కేసుల్ని తెలపాలని 2012లోనే ఆదేశం ఉంది. 2018లో దాన్ని గెజిట్‌లో గట్టి చేశారు. కిడ్నీ జబ్బుకి అలాంటి నంబరూ లేదు, అలాంటి ఆదేశమూ లేదు.

కోవిడ్ ఇంకో ఉదాహరణ. 2020 ఏప్రిల్ చివరి వారం దాకా శ్రీకాకుళం జిల్లాలో ఒక్క కేసూ లేదు. 25న పాతపట్నంలో బయటపడ్డాయి. విజయనగరానికి మే దాకా రాలేదు. అప్పుడు ప్రతి నమూనాకీ ఒక నంబరు, అన్ని ల్యాబులకీ ఐసీఎంఆర్ పోర్టల్ ఒక్కటే, ప్రైవేటు ల్యాబుకి కూడా మినహాయింపు లేదు. చేయాలనుకుంటే కొన్ని వారాల్లో చేయగలిగిన పని అది. ఆ తర్వాత జిల్లాకొక సమీకృత ప్రజారోగ్య ల్యాబు అనే పథకం 2021లో వచ్చింది. భవనాలు లేస్తాయి, మిషన్లు వస్తాయి. వాటితో పాటు ప్రతి పరీక్షకీ దేశమంతటా ఒకే కోడు, ఒకే యూనిట్టు వాడే సాఫ్ట్‌వేరు రాకపోతే పాత కథే. మనం మిల్లీగ్రాముల్లో 1.2 అనే క్రియాటినిన్‌ని కొన్ని దేశాల్లో మైక్రోమోల్సులో 106 అంటారు. యూనిట్టు రాయని అంకె అంకే కాదు.

జిల్లాల విభజన గురించి కూడా ఒక మాట. పార్వతీపురం ఊరు కదలకుండానే జిల్లాలు మారింది: 1979 జూన్ 1 దాకా శ్రీకాకుళం, ఆ తర్వాత విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి సొంత జిల్లా, పార్వతీపురం మన్యం. అదే రోజు పాలకొండ, సీతంపేట మన్యం జిల్లాకి వెళ్ళాయి, రాజాం విజయనగరానికి వెళ్ళింది. జిల్లా మొత్తాలు పట్టుకుని మలేరియా తగ్గిందా పెరిగిందా అని చూసేవాడికి 2021కీ 2023కీ పోలికే తప్పు. ఊరి కోడుతో నమోదైన రికార్డుకి ఈ బెడద లేదు.

ఎవరి రక్తం, ఎవరి సమాచారం

అందరితో పంచుకోండి అనడం తేలిక. ఉద్దానంలో కిడ్నీ జబ్బున్న ఇంటికి సంబంధం కలుపుకోవడానికి వెనకాడతారన్నది ఏళ్ళుగా పేపర్లు రాస్తున్న సంగతే. రెండువందల గడప ఉన్న ఊళ్ళో ‘35 ఏళ్ళ మగ, డయాలసిస్’ అని రాస్తే పేరు రాయనక్కర్లేదు, ఊరందరికీ తెలిసిపోతుంది. హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టం గోప్యతని గట్టిగా కాపాడింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మిగతా జబ్బులకీ సమ్మతి అనే సూత్రం తెచ్చింది. కాబట్టి బయట పెట్టేది మండలం స్థాయి లెక్కలే ఉండాలి, నలుగురైదుగురే ఉన్న గడుల్ని కలిపేయాలి. ఒక్కో మనిషి వివరమూ కావాలన్న పరిశోధకుడు నైతిక కమిటీ ముందు సంతకం పెట్టి తీసుకోవాలి. గోప్యత పేరు చెప్పి అసలు ఇవ్వకపోవడం మాత్రం గోప్యత కాదు, బద్ధకం. ఒక్కోసారి బద్ధకం కూడా కాదు, తర్వాతి వ్యాసం తానే రాయాలన్న ఆశ.

పంచుకోవడంలో మొదటి వాటా మాత్రం రక్తం ఇచ్చినవాడిది. శిబిరాల మీద జనానికి ఉన్న పెద్ద ఫిర్యాదు సూది గురించి కాదు. వచ్చినవాళ్ళు మళ్ళీ రాలేదనే. ఫలితం రాని మనిషి తర్వాతి శిబిరానికి రాడు. అలా రానివాళ్ళు పెరిగేకొద్దీ సర్వే అంకె కూడా వంకరపోతుంది.

రికార్డుల్ని కలిపే ఈ పని ఇప్పుడే ఎందుకు జరగాలంటే, 2023 డిసెంబరు 14న ఉద్దానానికి రెండు వచ్చాయి. ఒకటి, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం. రెండోది, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్ళు తెచ్చే 700 కోట్ల తాగునీటి పథకం. అంటే ఆ తేదీ నుంచి ఉద్దానం ఏడు మండలాల్లో జనం తాగే నీళ్ళు మారడం మొదలైంది. నీళ్ళే కారణమా కాదా అన్న ముప్పయ్యేళ్ళ ప్రశ్నకి ఇంతకంటే పెద్ద ప్రయోగం ఏ శాస్త్రవేత్తా పెట్టలేడు. దాని ఫలితం తెలియాలంటే ఏ ఊరికి ఏ నెలలో కుళాయి నీళ్ళు అందాయో, ఆ ఊరి మనుషుల పాత క్రియాటినిన్ ఎంతో, రెండేళ్ళకీ అయిదేళ్ళకీ ఎంతయిందో ఒకే చోట ఉండాలి. పలాస కేంద్రం చేయాల్సిన మొదటి పరిశోధన ఇదే. డయాలసిస్ మిషన్లు రోగుల్ని నిలబెడతాయి. ఈ రిజిస్టరు లేకపోతే రోగులు ఎందుకు పుడుతున్నారో చెప్పేది ఏదీ ఉండదు.

ఉద్దానం పాఠకులకి ఒక్క మాట. ఇంట్లో ఉన్న పాత రిపోర్టులు, 2017 శిబిరం నాటి చీటీతో సహా, పారేయకండి. అక్షరాలు వెలిసిపోకముందే ఫోనులో ఫోటో తీసి ఉంచండి. కొత్త రిపోర్టు మీద తేదీ, వయసు, యూనిట్టు, పరీక్ష పద్ధతి లేకపోతే రాయించుకోండి. తేడా ఉందంటే మూడు నెలలకి అదే ల్యాబులో మళ్ళీ చేయించండి. ఎవరైనా రక్తం తీసుకోవడానికి వస్తే, ఫలితం ఏ తేదీకి ఎవరు తెచ్చిస్తారో కాగితం మీద రాసిమ్మని అడిగి ఆ తర్వాతే చెయ్యి చాచండి.